రాగిరేకులూ రాగాలూ

చోడవరం ప్రాంతంలోని బుచ్చయ్యపేట మండలం చెరకు, వరి పండే నేల. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో జరిగిన పునర్విభజనతో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఈ మండలంలోని దిబ్బిడ గ్రామానికి చరిత్రలో ఒక చిన్న స్థానమున్నది. శాలివాహన శకం 1191లో, అనగా క్రీ.శ. 1269లో, ఒడ్డాదిని ఏలిన మత్స్యవంశపు రాజు అర్జునుడు ఈ గ్రామాన్ని అగ్రహారంగా దానం చేసి, ఆ సంగతిని రాగిరేకులపై చెక్కించాడు. నాటి ఒడ్డాది నేడు అదే మండలంలో వడ్డాది అనే ఊరు. రాజ్యం పోయింది, వంశం పోయింది. రేకులు మాత్రం మిగిలి, పందొమ్మిదవ శతాబ్ది చివర పండితుల కంటబడ్డాయి. మత్స్యవంశపు రాజుల వరుస నేడు తెలిసిందంటే అది ఆ రాగి చలవే.

అదే 1269లో అదే పొలాల్లో మోకాలి లోతు బురదలో నిలిచి ఉడుపులు వేసిన స్త్రీలు ఏ పాట పాడుకొన్నారో, ఏ వరుసలో పాడుకొన్నారో చెప్పగలవారు ఎవరూ లేరు. భూమి హక్కును రాగిపై రాశారు, పాటను గాలిపై విడిచారు. ఆ కాలానికి అది సహజమే. పాటను పట్టి ఉంచే సాధనం అప్పుడు లేదు. నేడు ఆ సాధనం ప్రతి ఇంటిలోను ఉన్నది. అయినా ఉడుపుల పాట నేటికీ గాలిలోనే ఉన్నది. విశ్వవిద్యాలయ సంగీత గ్రంథాలయమంటే ఏమిటో, అది ఏ పని చేయాలో ఆలోచించడానికి ఈ వైరుధ్యమే తగిన మొదలు.

తెలుగువారికి పాటను దాచుకోవడం తెలియదని అనడానికి వీలులేదు. ప్రపంచంలో ఏ జాతీ దాచనంత పదిలంగా వారు దాచిన పాటలున్నాయి. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరునిపై ముప్పది రెండు వేల సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతున్నది. ఆయన పాటలను, కుమారుడు పెదతిరుమలాచార్యుల, మనుమడు చినతిరుమలాచార్యుల పాటలను రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలో ఒక చిన్న రాతిగదిలో భద్రపరిచారు. ఆ గదికి సంకీర్తన భాండాగారమని పేరు. ఒక కుటుంబం మూడు తరాల గేయాలకు లోహంతో గ్రంథాలయం కట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు.

తరువాత ఏమి జరిగింది? గది మూతపడింది. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన ఏ.డి. కాంబెల్ అనే ఆంగ్లేయాధికారి తిరుపతిలో రాగిరేకులున్నాయని విని, ఒక పండితుని పంపి పరిశీలింపజేశాడు. వ్యాకరణానికి సంబంధించినది ఒక్కటి తప్ప తక్కినవన్నీ దేవుని పొగడే పాటలేనని తేలింది. కాంబెల్ ఆ విషయాన్ని తన గ్రంథపు పీఠికలో రాసి ఊరుకొన్నాడు. ఆయనకు కావలసినది పాట కాదు. వెదికేవాడు దేనికోసం వెదుకుతాడో దానినే చూస్తాడు. వేల సంకీర్తనలు కంటికెదురుగా ఉన్నా అవి ‘తక్కినవి’ అయిపోయాయి. ఆ తరువాత నూరేళ్లకు పైగా గది మళ్లీ మౌనంలోనే ఉండిపోయింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో గాని రేకులు వెలుగు చూడలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి, అచ్చుకెక్కించారు. ఈ కృషిలో ప్రధాన పాత్ర వహించిన తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ 1939లో దేవస్థానం పక్షాన ఏర్పడి, 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి సంక్రమించింది. దేవాలయపు గది నుండి విశ్వవిద్యాలయపు బల్ల మీదికి పాట చేరడానికి నాలుగు శతాబ్దాలు పట్టింది.

చేరినది పాటలో సగమే. రేకులపై ప్రతి సంకీర్తనకు రాగం పేరున్నది, సాహిత్యమున్నది. పాడే వరుస లేదు. అన్నమయ్య ఏ సంచారంతో ఎత్తుకొన్నాడో, ఎక్కడ నిలిపాడో, చరణాన్ని ఏ నడకలో నడిపాడో రాగి చెప్పదు. నేడు ఇంటింటా వినిపించే అన్నమయ్య పాటల బాణీలు చాలావరకు ఆధునికులు కూర్చినవి. రాళ్లపల్లివారు కొన్నింటికి స్వరం కట్టారు. విశాఖలో నివసించిన నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) కొన్నింటికి కట్టారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ (1948–2025) వందలాది సంకీర్తనలకు బాణీలు సమకూర్చారు. వారి ప్రతిభ వల్ల పాట మళ్లీ బతికింది. ఇది వారి ఘనతే గాని, పోయిన సొమ్ము తిరిగి దొరకడం మాత్రం కాదు. రాగి నిలిచింది, రాగం పేరు నిలిచింది, గొంతు నిలవలేదు.

స్వరంతో సహా పాటను కాగితంపై నిలిపిన వారూ లేకపోలేదు. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు రాసిపెట్టిన ప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. ముత్తుస్వామి దీక్షితుల వంశీయుడైన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రకటించాడు. తమిళదేశం నడిబొడ్డున అచ్చయిన ఈ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉన్నదన్న సంగతి నేటి తెలుగు విద్యార్థులలో ఎందరికి తెలుసునో! గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు ఏర్పరచి, స్వరం ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ జారుతుందో చూపే ప్రయత్నం అందులో ఉన్నది. తంజావూరు సరస్వతీ మహలులో నాయక, మరాఠా ప్రభువుల నాటి తెలుగు యక్షగానాల ప్రతులు తాళపత్రాల మీద ఉన్నాయి. తెలుగు సంగీతపు పత్రాలను చూడదలచినవాడు తెలుగు నేల దాటి రైలెక్కవలసి రావడం ఒక వింత. అందుకు నిందించవలసినది తంజావూరును కాదు, మధురను కాదు. వారు దాచారు గనుకనే అవి ఉన్నాయి.

విజయనగరంలో 1919లో స్థాపించిన సంగీత కళాశాల ఉత్తరాంధ్రకు గర్వకారణం. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దానికి తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామినాయుడు (1893–1964) అక్కడ వయొలిన్ నేర్పి, అనంతరం అధ్యక్షుడైనాడు. నాయుడుగారి వాద్యం గ్రామఫోను పలకలపై నిలిచింది. నేటి విద్యార్థి ఆయన కమాను ఒరవడిని చెవులారా వినగలడు. దాసుగారి హరికథలు అచ్చులో ఉన్నాయి. కాని కాలి గజ్జె, చేతి చిడత, సభను చూసి అప్పటికప్పుడు విసిరే చమత్కారం అచ్చులోకి రావు. ఏకకాలంలో అయిదు తాళాలు నడిపి పంచముఖీ పరమేశ్వర బిరుదందుకొన్న మనిషిని పుస్తకంలో చదివి ఊహించుకోవలసిందే. గ్రంథాలయాన్ని పుస్తకాల గదిగానే భావించే అలవాటు సంగీతం విషయంలో ఎంత చాలదో ఈ ఇద్దరిని పక్కపక్కన నిలిపి చూస్తే తెలుస్తుంది.

అందుచేత సంగీత గ్రంథాలయమంటే సంగీతం గురించిన పుస్తకాలున్న బీరువా కాదు. స్వర ప్రతులు, చేతి రాత పుస్తకాలు, లక్క పలకలు, టేపు చుట్టలు, కాసెట్లు, వాటిని మోగించే యంత్రాలు, ఆ యంత్రాలను బాగుచేయగల మనిషి, అన్నీ ఉన్నప్పుడే ఆ పేరు సార్థకం. యంత్రం లేని టేపు తాళంచెవి లేని పెట్టె వంటిది. కోస్తా గాలిలోని తేమకు టేపు మీద బూజు పడుతుంది. ఏళ్లు గడిచినకొద్దీ అయస్కాంతపు పూత పట్టు విడిచి రాలిపోతుంది. లక్క పలక చేయి జారితే పగులుతుంది. వీటిని కంప్యూటరులోకి ఎక్కించడం ఒక్కటే గతి. ఆ పనిలో అడ్డదారి లేదు. గంటసేపు ఉన్న టేపును ఎక్కించడానికి గంట పడుతుంది. వేయి గంటల టేపులకు వేయి గంటలు కూర్చోవలసిందే. ఈ పనికి ఉద్యోగి అక్కరలేదని, ఖాళీగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు చేస్తారని తలచే చోట టేపులు అలాగే ఉంటాయి.

వర్గీకరణ అంతకన్న కఠినమైన పని. సాధారణ గ్రంథాలయంలో పుస్తకాన్ని పేరుతోనో రచయితతోనో వెదుకుతారు. పాటను అలా వెదకలేరు. ఒకరు పల్లవితో అడుగుతారు, ఒకరు అనుపల్లవి మాత్రమే జ్ఞాపకమున్నదంటారు, ఒకరు రాగంతో, ఒకరు తాళంతో, ఒకరు ముద్రతో అడుగుతారు. ఒకే కృతి ఒక ప్రతిలో ఒక రాగంలో, వేరొక ప్రతిలో మరొక రాగంలో ఉంటుంది; ఏది మూలమో నిర్ణయించడం పట్టిక రాసేవాని పని కాదు, రెండూ ఉన్నాయని చెప్పడమే అతని పని. ‘రామ’ శబ్దంతో ఆరంభమయ్యే కీర్తనలను అకారాది క్రమంలో పేర్చబోయినవానికి గాని గ్రంథపాలకుని కష్టం తెలియదు. జానపద గేయానికి వస్తే రచయిత లేడు, పేరు లేదు, తరచు రాగమని చెప్పదగినదీ లేదు. పాడిన మనిషి, పాడిన ఊరు, పాడిన సందర్భం, పక్కన మోగిన వాద్యం, ఇవే దాని ఆనవాళ్లు. ఇవి రాయకుండా టేపు మీద ‘జానపద గీతాలు, మూడవది’ అని చీటీ అంటించి బీరువాలో పెడితే ఆ పాట రెండవసారి పోయినట్లే. మొదటిసారి కనీసం ఎవరూ దాచలేదని సర్దుకోవచ్చు.

ఈ పనిని విశ్వవిద్యాలయమే ఎందుకు చేయాలన్న ప్రశ్నకు బెర్లిన్ ఒక సమాధానం. 1900లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు కార్ల్ స్టుంఫ్, ఆ నగరానికి వచ్చిన సయాం దేశపు వాద్యబృందాన్ని ఎడిసన్ యంత్రంతో మైనపు గొట్టాలపై ముద్రించాడు. అక్కడ మొదలైన ధ్వని భాండాగారం అనంతరం ప్రపంచం నలుమూలల పాటలను చేర్చుకొన్నది. మైనం మెత్తనిది, కొన్నిసార్లు మోగిస్తే గీత అరిగిపోతుంది. అందుచేత ప్రతి మైనపు గొట్టం నుండి రాగి అచ్చు తీశారు. ఆ అచ్చుతో ఎన్ని ప్రతులైనా పోసుకోవచ్చు. యుద్ధకాలంలో చెల్లాచెదరైన ఆ సేకరణ దశాబ్దాల అనంతరం తిరిగి బెర్లిన్ చేరింది. 1999లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. దిబ్బిడలో భూదానాన్ని, తిరుమలలో సాహిత్యాన్ని కాపాడిన రాగి బెర్లిన్‌లో గొంతును కాపాడింది. లోహం ఒకటే. చెక్కించినవారి కోరికలో ఉన్నది భేదం.

పరదేశీయులు భారతదేశానికి వచ్చి పాటలు ముద్రించుకుపోయిన కథ వేరొకటి. డచ్చి పండితుడు ఆర్నాల్డ్ బాకె 1938లో దక్షిణ భారతంలో తిరిగి పాటలు సేకరించాడు. 1984లో నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ ఆ ముద్రణలను వెంట తీసుకొని అవే ఊళ్లకు మళ్లీ వెళ్లి, ఏ పాట మిగిలింది, ఏది మారింది, ఏది పోయింది అని పరిశీలించారు. తమిళనాడు, కేరళ, కర్ణాటక రాష్ట్రాలలో జరిగిన పరిశీలన అది. ఆ జాబితాలో తెలుగు నేల లేదు. ఇలా విదేశీ విశ్వవిద్యాలయాలలో చిక్కిన భారతీయ సంగీతపు ప్రతులను స్వదేశంలో అందుబాటులో ఉంచడానికి 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఒక సంగీత పరిశోధన భాండాగారాన్ని నెలకొల్పింది. నేడది గురుగ్రామ్‌లో ఉన్నది. పాట పుట్టిన చోటికే తిరిగి రావాలన్న ఆలోచన అందులో మెచ్చదగినది. అయితే బుచ్చయ్యపేట కుర్రవానికి బెర్లిన్ ఎంత దూరమో గురుగ్రామ్ కూడా ఇంచుమించు అంతే దూరం.

ఇన్ని భాండాగారాలు ఎందుకు, సెల్‌ఫోనులో అన్ని పాటలూ ఉన్నాయి కదా అనేవారు నేడు చాలామంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఒకప్పుడు పట్నం వెళ్తే గాని వినలేని కచేరీ ఇప్పుడు పొలం గట్టున వినిపిస్తున్నది. కాని అక్కడ పాట పెట్టినవాడు తలచుకొంటే రేపు తీసివేయగలడు. పాడినవారి పేరుండదు, ఊరుండదు, ఏ సంవత్సరమో ఉండదు. ఉత్తరాంధ్ర జానపదమని వినిపించేవాటిలో ఏది ఊరి ఆడవారి పాట, ఏది సినిమా కోసం సవరించిన పాట, ఏది నిన్న రాసిన పాట అని తేల్చుకోవడానికి ఆధారముండదు. వినోదానికి ఇవి అక్కరలేదు, విద్యకు అక్కరే. అంగడిలో సరుకు ఎంత ఉన్నా పదేళ్ల కిందటి సరుకు అక్కడ అడిగితే దొరకదు. గ్రంథాలయంలో దొరకాలి.

తెలుగు జానపద గేయాలపై విశ్వవిద్యాలయ స్థాయిలో గట్టి కృషి 1950లలోనే ఆరంభమైంది. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు ఆ గేయ సాహిత్యంపై సిద్ధాంత గ్రంథం రాసి దారి వేశారు. ‘గేయ సాహిత్యం’ అన్న మాటను కొంచెం నిలిచి చూడాలి. ఆ తరం పండితులు వేలాది పాటల మాటలను కాపాడి తెలుగుకు మహోపకారం చేశారు. అనుసరించిన వారిలో చాలామంది మాటల దగ్గరే ఆగిపోయారు. గేయం ముద్రితమైంది, గానం ముద్రితం కాలేదు. తాళ్లపాక రేకుల కథ కాగితం మీద మళ్లీ జరిగింది. పాటను తెలుగు శాఖ సాహిత్యంగా చూసింది, సంగీత శాఖ శాస్త్రీయం కాదని పక్కన పెట్టింది. జముకుల కథకు రెండు శాఖల గుమ్మాల నడుమ నిలబడవలసి వచ్చింది.

జముకును చూడని విద్యార్థికి దానిని మాటలలో వర్ణించి లాభం లేదు. డొల్లగా ఉన్న గుండ్రని పాత్రకు ఒకవైపు తోలు మూసి, దాని నడుమ నుండి తీగ లాగి మీటుతారు. గొంతు పెగిలిన మనిషి మాట్లాడినట్లు ఆ తీగ పలుకుతుంది. కథకుడు ఎల్లమ్మ కథ ఎత్తుకొంటే వంతలు అందుకొంటారు, తెల్లవారేదాకా సాగుతుంది. తప్పెటగుళ్లవారు గుండెకు తప్పెట కట్టుకొని, రెండు చేతులా వాయిస్తూ, గజ్జె కాళ్లతో వలయంగా ఎగిరి ఆడుతూ పాడతారు. ఇక ఊరి తీర్థాలలో, కొత్త అమావాస్య నాటి నూకాలమ్మ జాతరలో వినిపించే పాటలున్నాయి. బెల్లం గానుగ దగ్గర రాత్రులు మేలుకొనే పాటలు, ఉడుపుల పాటలు, పెళ్లిలో నలుగు పెట్టేటప్పటి పాటలు ఉన్నాయి. ఈ పాటలలో కొన్నింటిని వంగపండు ప్రసాదరావు (1943–2020) వంటివారు ఉద్యమ గీతాలుగా మలిచారు గనుక వాటి వరుసలు రాష్ట్రమంతటా తెలిశాయి. తక్కినవి పాడేవారి వయసు నేడు ఎంతో గమనిస్తే చాలు, మిగిలిన గడువు తెలుస్తుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. అక్కడ సంగీత శాఖ ఉన్నది, వి.ఎస్. కృష్ణ పేరిట పెద్ద గ్రంథాలయమున్నది. బుచ్చయ్యపేట నుండి ఉదయం బస్సెక్కినవాడు మధ్యాహ్నంలోగా అక్కడికి చేరగలడు. ఎదురు ప్రయాణం కూడా అంతే దూరం. విశ్వవిద్యాలయ సంగీత గ్రంథాలయాలు పాఠకుడు వచ్చేదాకా కాచుకొని కూర్చోకుండా ఈ ఎదురు ప్రయాణం చేయాలి. పాట పుస్తకంలాగా ఎవరో అచ్చువేసి పంపితే వచ్చేది కాదు. ధ్వని ముద్రణ యంత్రం తీసుకొని, కోతలు ముగిసిన రోజుల్లో ఊరికి వెళ్లి, అరుగు మీద కూర్చుని అడగాలి. అడిగినంతనే పాడరు. పాడినవారికి మర్యాద, తగిన పారితోషికం ఇవ్వాలి. ముద్రించిన దానిని ఎవరు వినవచ్చునో, అమ్ముకోవచ్చునో లేదో వారినే అడిగి రాసుకోవాలి. 1994లో సవరించిన కాపీరైటు చట్టం ప్రదర్శకునికి తన ప్రదర్శనపై హక్కు ఇచ్చింది. ఆ హక్కు పట్నపు గాయకునికి ఎంత ఉన్నదో జముకుల కథకునికీ అంతే ఉన్నది. చివరకు ఒక ప్రతి ఆ ఊరి పాఠశాలకు తిరిగి రావాలి. లేకుంటే బాకె ముద్రణల కథకు, దీనికి తేడా ఉండదు.

ఇందుకు డబ్బు లేదనడం పూర్తిగా అబద్ధం కాదు. కాని మొదలుపెట్టడానికి భవనం అక్కరలేదు. ఇంటర్మీడియట్ విద్యార్థి జేబులోని ఫోను నాణ్యతలో భాండాగారపు ప్రమాణాలకు సరిపోకపోవచ్చు. అయినా ఏమీ లేనిచోట అదే మైనపు గొట్టం. తన అమ్మమ్మ పాడిన ఉడుపుల పాటను ఒక విద్యార్థి ముద్రించి తెస్తే దానిని స్వీకరించే బల్ల ఒకటి విశ్వవిద్యాలయంలో ఉండాలి. ఆ బల్ల వెనుక కూర్చున్న మనిషి ఇది శాస్త్రీయమా అని అడగకుండా ఒక చీటీ తీయాలి. దిబ్బిడ రేకులలో దాత పేరున్నది, ఊరి పేరున్నది, సంవత్సరమున్నది. ఈ చీటీలోనూ రాయవలసినవి అవే: పాడినవారు, బుచ్చయ్యపేట, తేదీ.